తుంటి విరిగిన మనిషిని మళ్లీ నడిపించడం: ఇంటివాళ్లకు సమగ్ర మార్గదర్శి

తుంటి విరిగిన మనిషి ఇంట్లో ఉంటే, చూడవచ్చిన ప్రతి చుట్టమూ చెప్పే మాట ఒకటే: "మూడు నెలలు మంచం దిగనివ్వకండి." ఆ సలహాను కాదనడానికే ఈ మార్గదర్శి రాస్తున్నాను. విరిగిన ఎముకను డాక్టర్లు ఒకటి రెండు గంటల్లో సరిచేస్తారు. మనిషి మళ్లీ తన కాళ్ల మీద నిలబడతాడా లేదా అన్నది మాత్రం ఆ తర్వాతి మూడు నెలల్లో, చాలావరకు ఇంట్లోనే తేలుతుంది. పెద్ద వయసువాళ్లకు తుంటి విరగడం కంటే, విరిగాక మంచానికే అతుక్కుపోవడం ఎక్కువ ప్రమాదం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది, వీపు మీద పుండ్లు పడతాయి, ఉన్న కాస్త కండా కరిగిపోతుంది.

మన దక్షిణ తెలంగాణలో ఈ దెబ్బ ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది. తడిసిన షాబాదు బండల మీదో, స్నానాల గది గడప దగ్గరో జారిపడే అరవై దాటినవాళ్లు మొదటి రకం. విజయవాడ వెళ్లే 65వ నంబరు, బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారుల మీద బండ్లు, ఆటోలు గుద్దుకొని దెబ్బతినే పని వయసువాళ్లు రెండో రకం. తాటిచెట్టు, ఈతచెట్టు మీద నుంచి పడే గీత కార్మికులు మూడో రకం. మొదటివాళ్లది చిన్న దెబ్బ, బలహీనమైన ఎముక. మిగతా ఇద్దరిదీ గట్టి ఎముక, పెద్ద దెబ్బ. అందుకే చికిత్సలోనూ కోలుకునే కాలంలోనూ తేడా ఉంటుంది. ఎదురింటి అత్తమ్మ ఆపరేషన్ అయిన రెండో రోజే నడిచిందని, చెట్టు మీద నుంచి పడిన మీ తమ్ముణ్ని అలాగే నడిపించబోకండి.

1. పడిన తొలి గంట

పడిన మనిషి లేవలేకపోతే, ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటివైపు వాలిపోతే, తుంటి దగ్గర విరిగిందనే అనుకోండి. కొందరు పెద్దవాళ్లు ఎముక విరిగినా కుంటుతూ నాలుగు అడుగులు వేస్తారు, గజ్జలోనో మోకాలిలోనో నొప్పి అంటారు. "నడుస్తోంది కదా" అని వారం రోజులు ఇంట్లో ఉంచితే, ఎముక పూర్తిగా పక్కకు జరుగుతుంది.

వాహనంలో కూర్చున్నవాళ్ల మోకాలు ఎదుటి భాగానికి గట్టిగా గుద్దుకున్నప్పుడు మరో రకం దెబ్బ తగులుతుంది. తుంటి కీలులో తొడ ఎముక పైకొన బంతిలా ఉంటుంది, అది కూర్చునే కటి ఎముక గుంట గిన్నెలా ఉంటుంది. ఈ దెబ్బలో ఆ బంతి గిన్నెలోంచి వెనక్కి జారిపోతుంది. కాలు కాస్త ముడుచుకొని లోపలివైపు తిరిగి ఉంటుంది. దీన్ని వీలైతే 6 గంటల్లోపు గిన్నెలోకి తిరిగి ఎక్కించాలి. ఆలస్యమైన కొద్దీ బంతికి రక్తం అందక అది చచ్చుబడే ప్రమాదం పెరుగుతుంది. ఇక్కడ రోజుల లెక్క పనికిరాదు.

108కు ఫోన్ చేసి, బండి వచ్చేదాకా చదునుగా పడుకోబెట్టండి. కాలు ఏ భంగిమలో ఉంటే అలాగే ఉంచి, దాని కింద, కాళ్ల మధ్య దిండ్లు సర్దండి. లాగవద్దు, పిసకవద్దు, నూనె రుద్దవద్దు. ద్విచక్ర వాహనం మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకొని తీసుకెళ్లడం పల్లెల్లో ఇంకా చూస్తుంటాం. తుంటి విరిగినవాళ్లకు అంతకంటే చెడ్డ ప్రయాణం లేదు. చెట్టు మీద నుంచి పడితే వెన్ను, మెడ కూడా దెబ్బతిన్నాయనే లెక్కలో నలుగురు కలిసి, తల నుంచి కాళ్ల దాకా ఒకే వరుసలో కదిలించాలి. కటి ఎముకలు విరిగితే రక్తం లోపలే పోతుంది, పైకి చుక్క కనిపించదు. మనిషి పాలిపోయి, చెమటలు పట్టి, మాట తడబడుతుంటే ఒక దుప్పటిని మడిచి తుంటి చుట్టూ గట్టిగా బిగించి కట్టండి. డాక్టరు చూసేదాకా నోటికి ఏమీ ఇవ్వకండి.

పసరు కట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కట్టు కట్టించుకొని చేతి ఎముక అతుక్కున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. తుంటి సంగతి వేరు. అది దళసరి కండరాల లోతున ఉంటుంది, పైన కట్టే ఏ కట్టూ దాన్ని కదలకుండా పట్టుకోలేదు. పైగా బంతికి రక్తం అందేది దాని మెడ, అంటే బంతికి కింద ఉండే సన్నని భాగం, మీదుగానే. ఆ మెడే విరిగితే కట్టు కింద ఎముక అతకదు, కాలం మాత్రం పోతుంది.

2. ఏ ఆసుపత్రి, ఎవరి డబ్బు

పెద్దవాళ్ల తుంటి విరుపుకు 36 నుంచి 48 గంటల్లోపు ఆపరేషన్ జరగడం మంచిదని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఆ గడువులో సగం హైదరాబాద్‌కు వెళ్లాలా వద్దా అన్న చర్చలోనే కరిగిపోతుంటుంది. నా అభిప్రాయం అడిగితే, వయసు మీద పడినవాళ్ల మామూలు తుంటి విరుపుకు సొంత జిల్లానే మేలు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. అన్నం క్యారియర్ తేవడానికీ, రాత్రి కాపలాకు మనిషి మారడానికీ, కుట్లు తీయించడానికీ దగ్గరగా ఉంటుంది. గిన్నె ఎముక ముక్కలైనా, కటి విరిగినా, ఇతర అవయవాలకు దెబ్బలున్నా లెక్క మారుతుంది. అప్పుడు అలాంటి కేసులు తరచూ చేసే చోటికి, అంటే నిమ్స్, గాంధీ, ఉస్మానియా, బీబీనగర్ ఎయిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రులకు వెళ్లడం అవసరం. పంపే డాక్టరు చేత అక్కడికి ఫోన్ చేయించి, పడక ఉందని తెలిశాకే కదలండి.

డబ్బు విషయంలో మొదట కలవాల్సింది ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను. రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే ప్రతి ఆసుపత్రిలో ప్రతి ఆపరేషనూ ఉండదు. "ఈ ఆపరేషన్ ఇక్కడ పథకం కింద చేస్తారా? లోపల పెట్టే పరికరం ధర కూడా అందులోనే కలిసి ఉందా?" అని రెండూ కలిపి అడగండి. అనుమానముంటే 104కు ఫోన్ చేయవచ్చు. రోడ్డు ప్రమాదమైతే 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స దొరుకుతుంది. దీనికి పోలీసుల నిర్ధారణ కావాలి. పథకాలేవీ వర్తించకపోతే ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. నిమ్స్‌లో చేరేవాళ్లకు ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ముందుగానే ఎల్వోసీ, అంటే ఆ నిధి నుంచి ఖర్చు చెల్లిస్తామన్న హామీ పత్రం, తెచ్చుకునే వీలుంటుంది.

3. డాక్టరును ఏమి అడగాలి

వార్డులో "ఆపరేషన్ అంటున్నారు" అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఏ ఆపరేషన్ అన్నది తెలియకపోతే తర్వాత జాగ్రత్తలన్నీ గందరగోళమే. స్థూలంగా ఇలా ఉంటుంది. బంతికి కింద ఉండే మెడ విరిగితే, పెద్దవాళ్లకు సాధారణంగా బంతి మారుస్తారు. కొందరికి బంతి ఒక్కటే, కొందరికి గిన్నెతో సహా. వయసులో ఉన్నవాళ్లకు సొంత బంతిని కాపాడుకోవడానికి స్క్రూలు వేస్తారు. మెడకు దిగువన విరిగితే తొడ ఎముక లోపల రాడ్ వేస్తారు. గిన్నె విరిగితే ప్లేట్లు.

డాక్టరు రౌండ్‌కు వచ్చినప్పుడు ఒక నోటుపుస్తకం తీసి అయిదు విషయాలు అడిగి రాసుకోండి: ఎముక ఏ భాగం విరిగింది; ఆపరేషన్ ఎప్పుడు, ఆలస్యమైతే దేని వల్ల; రేపటి నుంచి ఆ కాలి మీద ఎంత బరువు మోపవచ్చు; ఏ కదలికలు నిషేధం, ఎన్నాళ్లు; రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎన్ని రోజులు. వీటిలో మూడోది అన్నింటికంటే విలువైనది. జవాబు "నడిపించండి" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవద్దు. పూర్తి బరువా, సగం బరువా, వేళ్లు నేలకు ఆనించడం మాత్రమేనా, అసలు ఆనించకూడదా? బంతి మార్చినవాళ్లు చాలామంది మర్నాటి నుంచే పూర్తి బరువు మోపవచ్చు. గిన్నె విరిగినవాళ్లు 6 నుంచి 12 వారాల దాకా ఆగాల్సి రావచ్చు. సగం బరువు అంటే ఎంతో తెలియకపోతే, బరువు చూసే యంత్రం మీద ఆ పాదం ఉంచి ముల్లు ఎంతదాకా వెళ్లవచ్చో చూపించమని ఫిజియోథెరపిస్టును అడగండి.

4. దాచకుండా చెప్పాల్సిన సంగతులు

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులు రెండు మూడు ఉన్నాయి. ఇతర చోట్ల రాసిన పుస్తకాల్లో ఇవి దొరకవు.

మొదటిది కల్లు. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు పల్లెల్లో ఆడా మగా తేడా లేకుండా రోజూ కల్లు తాగే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లులో డైజిపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు కలుపుతారన్నది ఎక్సైజ్ దాడుల్లో పదే పదే బయటపడిన విషయం. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో చేరగానే అది ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు, లేని మనుషులు కనిపిస్తారు. కొందరికి ఫిట్స్ వస్తాయి. అప్పుడే వేసిన రాడ్ మీద ఫిట్స్ వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ముందే చెబితే డాక్టర్లు తగిన మందులతో దాన్ని అదుపులో ఉంచుతారు. అత్తమామల ముందు, అల్లుడి ముందు చెప్పుకోవడం నామోషీ అనిపిస్తే, డాక్టరును పక్కకు పిలిచి ఒక్కరే చెప్పండి: ఎన్ని సీసాలు, ఎన్నాళ్లుగా, చివరిసారి ఎప్పుడు. గుట్టుగా వార్డులోకి సీసా తెచ్చి తాగించడం మాత్రం వద్దు. నొప్పి మందులతో కలిసి అది ఊపిరి మందగించేలా చేస్తుంది.

రెండోది ఫ్లోరైడ్. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు పాత బోరు నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లకు వెన్ను, మెడ బిగుసుకుపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు నడుముకు మత్తు సూది ఇవ్వడం కష్టమవుతుంది, గొంతులో గొట్టం వేయడమూ కష్టమవుతుంది. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే ఏర్పాట్లతో ఉంటారు. ఫ్లోరైడ్ పట్టిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది కానీ లోపల పెళుసు. సర్జన్‌కు కూడా ఆ మాట చెప్పండి.

మూడోది మోకాళ్ల నొప్పులకు ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఏళ్ల తరబడి తీసుకున్న సూదులు, పేర్లు తెలియని మాత్రలు. వాటిలో స్టెరాయిడ్లు ఉండే అవకాశం ఉంది. అవి హఠాత్తుగా ఆగితే ఆపరేషన్ సమయంలో రక్తపోటు పడిపోవచ్చు. గుండె కోసం వాడే రక్తం పల్చబడే మందులు, షుగర్, బీపీ, థైరాయిడ్ మాత్రలు అన్నింటి ఖాళీ అట్టలతో సహా ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ఏది ఆపాలో ఏది కొనసాగించాలో వాళ్లే చెబుతారు, మీరై ఏదీ ఆపవద్దు.

5. ఆపరేషన్ రోజు

ఇంటివాళ్లకు ఆ రోజు పని తక్కువే. ఘనాహారం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. మీ ఆసుపత్రి చెప్పిన గంటలనే పాటించండి. పుస్తెలు, మెట్టెలు, గాజులు, కట్టుడు పళ్లు తీసి ఇంటి మనిషికి అప్పగించాలి. రక్తం అవసరం పడవచ్చు కాబట్టి 18 నుంచి 65 ఏళ్ల మధ్య, 45 కిలోలు దాటిన ఇద్దరు ముగ్గురు బంధువులను సిద్ధంగా ఉంచండి. ఆపరేషన్ అయ్యాక లోపల పెట్టిన పరికరం తాలూకు స్టిక్కర్ ఉన్న కాగితాన్ని జిరాక్సు తీసి దాచండి. పదేళ్ల తర్వాత మరో డాక్టరుకు అదే ఆధారం.

6. వార్డులో మొదటి వారం

అనుమతి ఉంటే మర్నాడే మంచం అంచున కూర్చోబెట్టి, నిలబెట్టాలి. నర్సో ఫిజియోథెరపిస్టో రాకపోతే వెళ్లి పిలవండి, అడగడంలో మొహమాటం వద్దు. నొప్పి మాత్ర వేసిన అరగంట తర్వాత లేపితే మనిషి సహకరిస్తాడు. "నొప్పి ఓర్చుకుంటాను, మందు వద్దు" అనే పెద్దవాళ్లు మొండిగా ఉన్నారని మెచ్చుకోకండి. నొప్పి ఉన్న మనిషి కదలడు, దగ్గడు, లోతుగా ఊపిరి పీల్చడు.

మంచంలో ఉన్నంతసేపూ పాదాలను పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరాన్ని బిగించి వదలడం, పిరుదులు బిగించి వదలడం గంటకోసారి చేయించండి. ఈ చిన్న కదలికలే కాలిలో రక్తం గడ్డకట్టకుండా సాయపడతాయి. దానికి తోడు పొట్ట మీద ఇచ్చే సూదులో, మాత్రలో తుంటి విరిగినవాళ్లకు సాధారణంగా నాలుగైదు వారాలు ఉంటాయి. ఇంటికి వచ్చాక "సూదులు చాలు" అని మధ్యలో మానేయకండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ, మడమలు పరుపుకు తగలకుండా పిక్క కింద మెత్త పెట్టండి. పుండు మొదలయ్యేది ఎర్రటి మచ్చతో. దాన్ని చూసే పని రోజూ ఒకే మనిషికి అప్పగిస్తే తేడా తెలుస్తుంది.

ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజుల్లో పెద్దవాళ్లు కొందరు ఉన్నట్టుండి సంబంధం లేకుండా మాట్లాడతారు, చనిపోయిన అక్కను పిలుస్తారు, సెలైన్ పీకేస్తారు. గాలి సోకిందని తాయెత్తు కోసం పరుగెత్తే లోపల డాక్టరును పిలవండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో ఉప్పు తగ్గడం, మూత్రం రాక నిలిచిపోవడం, మలబద్ధకం, నొప్పి, కల్లు ఆగడం, తరచూ వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. కళ్లద్దాలు పెట్టండి, చెవి మిషన్ ఉంటే పెట్టండి, పగలు కిటికీ తెరవండి, తెలిసిన ముఖం పక్కన ఉండేలా చూడండి.

మరో సంగతి ఎవరూ పైకి చెప్పరు. కొడుకు ముందు బెడ్‌పాన్ అడగలేక అమ్మ నీళ్లు తాగడమే మానేస్తుంది. ఆ నీళ్ల కరువే ఇన్ఫెక్షన్‌కూ, పైన చెప్పినట్టు మతి తడబడటానికీ దారి తీస్తుంది. ఆడమనిషి దగ్గర ఆడమనిషి ఉండేలా, కనీసం రాత్రిళ్లు, ఏర్పాటు చేసుకోండి.

7. ఇల్లు సిద్ధం చేయడం

డిశ్చార్జికి ముందే ఇద్దరు ఇంటికి వెళ్లి ఈ పని చేయాలి. మన ఇళ్లు నేల మీద బతకడానికి కట్టినవి. కింద కూర్చుని తినడం, కింద కూర్చుని కూరగాయలు తరగడం, గొంతుకూర్చోవడం, అన్నీ తుంటికి ఎదురు. బంతి మార్చినవాళ్లకు, ముఖ్యంగా వెనకవైపు నుంచి కోసి చేసినప్పుడు, కొన్ని వారాలపాటు మూడు నిషేధాలు ఉంటాయి: నడుము, తొడ మధ్య కోణం 90 డిగ్రీల కంటే తగ్గేలా వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. తప్పితే బంతి జారుతుంది. మరుగుదొడ్డి విషయంలో చాలామంది డాక్టర్లు జీవితాంతం గొంతుకూర్చోవద్దనే అంటారు.

కొలత సులభం. మనిషిని నిలబెట్టి నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవండి. మంచం, కుర్చీ, కమోడ్, మూడూ ఆ కొలతకు రెండు మూడు అంగుళాలు ఎత్తు ఉండాలి, అప్పుడు మోకాళ్లు తుంటి కంటే కిందికి ఉంటాయి. నులక మంచం పనికిరాదు, నడుము కుంగిపోతుంది. చెక్క మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి, ఇటుకలు జరగకుండా సిమెంటుతో ఆనించండి. చేతులున్న గట్టి కుర్చీ కావాలి. కదిలే ప్లాస్టిక్ కుర్చీ వద్దు. మరుగుదొడ్డి పెరట్లో ఉంటే, గది మూలలో కమోడ్ కుర్చీ పెట్టుకోవడం ఖర్చు తక్కువ, భద్రత ఎక్కువ. మందుల దుకాణాల్లో, వైద్య పరికరాలు అద్దెకిచ్చే చోట దొరుకుతుంది. వాకర్ కూడా అక్కడే.

గడపలు చూడండి. పాత ఇళ్లలో అవి జానెడు ఎత్తుంటాయి, వాకర్ తగిలేది అక్కడే. చెక్కతో రెండువైపులా చిన్న వాలు కొట్టించండి. షాబాదు బండల మీద నీళ్లు పడితే సబ్బు రాసినట్టే జారుతుంది, మనిషి నడిచే దారిలో కడగడం, తడిగుడ్డ వేయడం మధ్యాహ్నం నిద్రవేళకు మార్చండి. కోళ్లు, కుక్కపిల్లలు, పిల్లల సైకిళ్లు బయట. మంచం నుంచి కమోడ్ దాకా రాత్రంతా ఒక చిన్న బల్బు. చీర కుచ్చిళ్లు కాలికి పడతాయి, కొన్నాళ్లు నైటీ మేలు. లుంగీకీ అదే జాగ్రత్త. వెనక పట్టీ ఉన్న చెప్పులు వాడాలి, హవాయి చెప్పులు వద్దు. పూజైనా నమాజైనా కుర్చీలోనే.

ఇంటికి కారులో తీసుకెళ్లేటప్పుడు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, గట్టి దిండు వేసి ఎత్తు చేయండి. ముందు పిరుదులు ఆనించి, తర్వాత రెండు కాళ్లనూ కలిపి లోపలికి తిప్పాలి. దేవరకొండ, అచ్చంపేట అంత దూరాలైతే గంటకోసారి ఆగి పాదాలు ఆడించాలి.

8. నడక

వాకర్ ఎత్తు సరిచూడటంతో మొదలుపెట్టండి. చేతులు వేలాడదీసి నిలబడితే మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. మరీ పొట్టి వాకర్ పట్టుకుంటే మనిషి ముందుకు వంగిపోతాడు.

అడుగుల వరుస: వాకర్ ముందు, ఆపరేషన్ అయిన కాలు తర్వాత, మంచి కాలు చివర. తిరిగేటప్పుడు ఆపరేషన్ కాలి మీద గిర్రున తిరగకుండా చిన్న చిన్న అడుగులతో తిరగాలి. మెట్ల దగ్గర సూత్రం: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. మీరు నిలబడాల్సింది ఆపరేషన్ కాలు వైపున, ఒకడుగు వెనక. చంకల్లో చేతులు వేసి ఎత్తకండి, నడుముకు కట్టిన వెడల్పాటి బట్ట పట్టుకోండి. పూర్తి బరువు అనుమతి ఉన్నవాళ్లను కొద్ది కొద్ది దూరం రోజుకు అనేకసార్లు నడిపించాలి. ఒకేసారి వాకిలి చివరదాకా లాక్కెళ్లి, మిగతా రోజంతా పడుకోబెట్టడం సరికాదు. కర్రకు మారినప్పుడు కర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. నొప్పి ఉన్నవైపే పట్టుకోవాలనిపిస్తుంది కానీ అలా పట్టుకుంటే తుంటికి ఊరట దొరకదు.

నిలబడి కాలిని పక్కకు ఎత్తే వ్యాయామం విసుగ్గా ఉంటుంది, కానీ కుంటు పోవడానికి అంతకంటే పనికొచ్చేది లేదు. పక్కకు ఎత్తే ఆ కండరం బలహీనంగా ఉన్నంతకాలం మనిషి ఊగుతూనే నడుస్తాడు. ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో సర్జన్‌ను అడిగాకే చేయించండి. నెలకోసారైనా ఫిజియోథెరపిస్టు చూసి వ్యాయామాలు మార్చాలి. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఈ విభాగం ఉంటుంది.

9. తిండి, పథ్యం

పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే పుండు మానదు, వంకాయ దురద, పెరుగు నీరు పడుతుంది: ఈ జాబితా మొత్తాన్ని పక్కన పెట్టండి. చారన్నంతో నెల గడిపిన మనిషికి కండ ఎక్కడి నుంచి వస్తుంది? గాయం మానడానికీ కండ నిలవడానికీ మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు అన్నది పెద్దవాళ్లకు చెప్పే లెక్క. 50 కిలోల మనిషికి 60 గ్రాములు దాటాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, పెరుగు, గుప్పెడు పల్లీలు, పాలు, వీలైన రోజు చికెన్ లేదా చేప కలిస్తే సరిపోతుంది. పాయా ఇష్టమైతే తాగించండి, కానీ ఎముకల రసం తాగితే ఎముక అతుక్కుంటుందన్న నమ్మకంతో మిగతావి మానిపించకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క డాక్టరును అడిగే వేయాలి. నొప్పి మందులకు మలబద్ధకం తప్పదు కాబట్టి నీళ్లు, ఆకుకూరలు, జొన్నరొట్టె ఉండాలి. పొగ, చుట్ట పూర్తిగా ఆపాలి, పొగాకు ఎముక అతకడాన్ని నెమ్మది చేస్తుంది.

10. ఆలస్యం చేయకూడని గుర్తులు

హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే రక్తపు గడ్డ ఊపిరితిత్తికి చేరి ఉండవచ్చు, వెంటనే 108. పిక్క వాచి నొప్పి పుడితే అదే రోజు ఆసుపత్రి. టక్కుమన్న శబ్దంతో తీవ్రమైన నొప్పి వచ్చి, కాలు పొట్టిగా మారితే బంతి జారినట్టే, లాగి సరిచేయబోకండి. కుట్ల దగ్గర ఎరుపు, కారడం, జ్వరం ఉంటే ఊరి సూదితో సరిపెట్టకుండా ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించండి. కుట్లు సాధారణంగా 12 నుంచి 14 రోజులకు తీస్తారు.

11. చూసుకునే మనిషి

చాలా ఇళ్లలో ఈ భారమంతా ఒక కోడలి మీదో భార్య మీదో పడుతుంది, మిగతావాళ్లు ఫోన్లో సలహాలు ఇస్తారు. మొదటి వారంలోనే కూర్చుని పనులు పంచండి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు డబ్బు, మందులు, రివ్యూ తేదీలు చూసుకోవాలి. రాత్రి కాపలా వంతుల వారీగా జరగాలి. ఇంటి మగవాళ్లకు కమోడ్ కుండ శుభ్రం చేయడం వస్తుంది, చేయమని చెప్పేవాళ్లే ఉండరు.

కోలుకునే మనిషి చిరాకుపడతాడు, ఏడుస్తాడు, "నన్ను వదిలేయండి" అంటాడు. సంపాదించే వయసులో పడినవాళ్లకు ఇది మరీ ఎక్కువ. వారాలు గడిచినా తిండి, నిద్ర, మాట తగ్గుతూ పోతే డాక్టరుకు చెప్పాల్సిన జబ్బే అది. వయసులో ఉన్న దంపతులు దాంపత్యం ఎప్పటి నుంచి అన్న ప్రశ్న అడగడానికి సిగ్గుపడతారు. రివ్యూలో అడిగితే డాక్టరు సూటిగానే చెబుతారు.

12. కాగితాలు

రోడ్డు ప్రమాదమైతే ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేసే కేసుగా, నమోదు చేయించండి, ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం దావాకు చట్టం పెట్టిన గడువు 6 నెలలు, కాలు నయమయ్యాక చూద్దామని ఆగకండి. గుద్దిన బండి దొరక్కపోతే తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ఇచ్చే పథకం ఉంది, రెవెన్యూ డివిజన్ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. చెట్టు మీద నుంచి పడిన గీత కార్మికుడైతే, ఎక్సైజ్ శాఖకు, గీత సంఘానికి ఆ రోజే తెలియజేసి పంచనామా చేయించండి. శాశ్వత వైకల్యం మిగిలితే పరిహారం అడిగేటప్పుడు అదే మొదటి ఆధారం అవుతుంది. బిల్లులు, ఎక్స్‌రేలు, ఆటో ఖర్చుల రశీదులతో సహా, ఒకే సంచిలో పెట్టండి.

13. నెలలు గడిచాక

ఎక్స్‌రే రివ్యూలు సుమారుగా 6 వారాలకు, 3 నెలలకు, ఆ తర్వాత డాక్టరు చెప్పినప్పుడు. బండి నడపడం, పొలం పని ఎప్పుడన్నది ఆ ఎక్స్‌రే చూసే తేల్చాలి. మళ్లీ చెట్టెక్కడం గురించి గీత కార్మికుడి ఇంట్లో నిజాయతీగా మాట్లాడుకోవాలి. పెద్ద విరుపు తర్వాత చాలామందికి అది కుదరదు, పిల్లల చదువు మధ్యలో ఆగేదాకా ఆ మాట వాయిదా వేయవద్దు.

చిన్నగా జారిపడి తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని అర్థం, రెండోవైపు కూడా విరిగే ప్రమాదం ఉంది. కాల్షియం, విటమిన్ డితో పాటు ఎముక గట్టిపడే మందు, ఏడాదికోసారి ఇచ్చే సూది లాంటిది, అవసరమా అని సర్జన్‌ను మీరే అడగండి, చాలా డిశ్చార్జి కాగితాల్లో ఇది ఉండదు. కంటి శుక్లాలు ఉంటే ఆపరేషన్ చేయించండి, నిద్ర మాత్రలు, తల తిప్పే బీపీ మాత్రలు సరిచూపించండి.

స్క్రూలు వేయించుకున్నవాళ్లూ, కీలు జారినవాళ్లూ నడక మామూలైందని రివ్యూలు మానేస్తుంటారు. బంతికి రక్తం అందక చచ్చుబడటం ఏడాది, రెండేళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. తగ్గిపోయిన కుంటు తిరిగి వచ్చినా, గజ్జలో కొత్తగా నొప్పి మొదలైనా, మాత్రలతో నెట్టుకురాకుండా పాత ఎక్స్‌రేలన్నీ తీసుకొని ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే డాక్టరుకు తేడా తెలుస్తుంది.